కొమురం భీం: జోడేఘాట్ పోరు, ఆ తరువాత

కొమురం భీం పేరు ఇవాళ తెలియనివారు లేరు. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది, 2016లో ఏర్పడిన ఆసిఫాబాద్ జిల్లాకు ఆయన పేరుంది. మన పిల్లలైతే ఆయన్ని సినిమాలో కూడా చూశారు. ఆ సినిమా కథ కల్పన. అసలు భీం జీవితం అంతకన్నా చిన్నది, అంతకన్నా పెద్దది కూడా. మన బడి స్వర్ణోత్సవ సంచికలో ఆయన గురించి రాయడానికి ఒక కారణం ఉంది. అది చివరికి వచ్చేసరికి తెలుస్తుంది.

భీం 1901లో ఆసిఫాబాద్ ప్రాంతంలోని సంకేపల్లిలో గోండు కుటుంబంలో పుట్టాడు. తండ్రి పేరు చిన్ను. అప్పటికి గోండులు తరతరాలుగా అడవి నరికి, పోడు చేసుకుని బతుకుతున్నారు. చేతిలో కాగితం లేదు, కావాలన్న ఆలోచనా లేదు. నిజాం ప్రభుత్వం అడవిని రిజర్వు చేయడం మొదలుపెట్టాక కాగితం లేకపోవడమే నేరమైంది. సర్వే పనుల్లో ముప్ఫై ఏళ్లు గడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, పటం మీద గీత గీయడం నిమిషం పని. ఆ గీత లోపల పొలాలున్నాయి, ఊళ్లున్నాయి, దేవుళ్లున్నారు. పశువులు మేపితే పన్ను, కట్టెలు తెస్తే పన్ను. కొన్ని చోట్ల గూడేలనే ఖాళీ చేయించి గుడిసెలు తగలబెట్టారు. ఇంకోవైపు బయటినుంచి వచ్చినవాళ్లు అవే భూములకు పట్టాలు చేయించుకున్నారు.

తండ్రి పోయాక భీం కుటుంబం సుర్దాపూర్ చేరి కొత్తగా సాగు మొదలుపెట్టింది. పంట చేతికొచ్చే వేళకు సిద్ధిఖీ అనే అతను ఆ భూమి తనదంటూ వచ్చాడు. జరిగిన కొట్లాటలో అతను చనిపోయాడు. భీం అడవి దాటి చాందా వైపు పారిపోయాడు. అక్కడే చదవడం, రాయడం నేర్చుకున్నాడని, తరువాత అస్సాం తేయాకు తోటల్లో కూలీగా నాలుగైదేళ్లు పనిచేశాడని చెబుతారు. కూలీల హక్కుల గొడవలు ఆయన అక్కడే దగ్గరగా చూశాడు.

తిరిగి వచ్చాక బాబెఝరి, జోడేఘాట్, పట్నాపూర్ వంటి పన్నెండు గూడేల జనాన్ని కూడగట్టాడు. మొదట అడిగింది పట్టాలు. అధికారుల దగ్గరికి తిరిగాడు, హైదరాబాద్ దాకా వెళ్లాడు. వినేవాడు దొరకలేదు. అప్పుడు నీళ్లు, అడవి, భూమి మీద అధికారం మాదేనని ప్రకటించి, గెరిల్లా పద్ధతిలో దళం కట్టాడు. గోండులతో పాటు కోలాములూ కలిశారు. బరిసెలు, విల్లంబులు, కొద్దిపాటి తుపాకులు, అంతే. 1940లో నిజాం పోలీసులు జోడేఘాట్ గుట్టల్లో చుట్టుముట్టి కాల్పులు జరిపారు. భీం, ఆయనతో పాటు పలువురు అనుచరులు అక్కడే ప్రాణాలు విడిచారు.

లెక్క చూస్తే అది ఓటమే. కానీ కాల్పుల తరువాత ప్రభుత్వానికి ఒక ప్రశ్న మిగిలింది: ఇంత నెమ్మదైన మనుషులు తుపాకీకి ఎదురు ఎందుకు నిలబడ్డారు? జవాబు చెప్పే మనిషిని మరో యుద్ధం తెచ్చిపెట్టింది. వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1939లో ఇక్కడికి వచ్చాడు. అప్పటికే హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకోవడంతో అతని చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే బ్రిటిష్ వారి దృష్టిలో శత్రుదేశస్థుడయ్యాడు. జైల్లో పెట్టకుండా నిజాం రాజ్యం దాటవద్దని కట్టడి చేశారు. ఆయన ఆ కట్టడినే అవకాశంగా మలచుకుని చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, తరువాత ఆదిలాబాద్ గోండుల మధ్య భార్య బెట్టీతో కలిసి బతికాడు.

గోండుల తిరుగుబాటుకు మూలం భూమి పోవడమేనని ఆయన ప్రభుత్వానికి నివేదించాడు. వేల కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. గిరిజన ప్రాంతాల కోసం 1356 ఫసలీలో, అంటే 1946లో, ప్రత్యేక చట్టం వచ్చింది. 1943లో జైనూర్ దగ్గరి మార్లవాయిలో బడి, గోండు ఉపాధ్యాయులకు శిక్షణా కేంద్రం పెట్టారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేశారు. తమ భాషలో పాఠం చదివిన మొదటి తరం అక్కడినుంచి వచ్చింది. బెట్టీ 1987లో, హైమెన్‌డార్ఫ్ 1995లో కన్నుమూశారు. ఇద్దరి సమాధులూ ఇప్పుడు మార్లవాయిలోనే పక్కపక్కన ఉన్నాయి.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. భూములు మళ్లీ చేతులు మారాయి. 1970లో మనం వన్ ఆఫ్ సెవెంటీ అనే చట్టం తేవలసి వచ్చింది. అది ఉండగానే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగాయి. అప్పటికి భీం పోయి నలభై ఏళ్లు.

ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో గోండులు తమ ఆచారం ప్రకారం భీంను తలచుకుంటారు. ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది, మంచి రోడ్డుంది. పెద్దవాగు మీద కట్టిన ప్రాజెక్టుకూ ఆయన పేరే పెట్టారు. పేర్లు పెట్టడం మంచిదే. భీం అడిగింది మాత్రం దున్నిన భూమికి కాగితం. జోడేఘాట్‌లో నెత్తురు చిందాకే ఆ కాగితం కదిలింది, దాని వెంటే మార్లవాయిలో బడి గంట మోగింది. యాభై ఏళ్ల మన బడిని పండుగ చేసుకుంటున్న వేళ, ఒక బడి కోసం కొందరు ఎంత మూల్యం చెల్లించారో మన పిల్లలకు చెబుదాం. వీలైతే ఒకసారి వాళ్లను జోడేఘాట్‌తో పాటు మార్లవాయికీ తీసుకెళ్దాం.