గీత దగ్గర అందరూ సమానమే: పల్వంకర్ బాలూ జీవితం



క్రికెట్ అనగానే మనకు గవాస్కర్, కపిల్ దేవ్, సచిన్ గుర్తుకొస్తారు. హాస్టల్ గదుల్లో ట్రంకు పెట్టెల మూతల మీద మనం అతికించుకునేవి వాళ్ళ బొమ్మలే. కానీ భారతదేశం మొదటి టెస్టు ఆడింది 1932లో. దానికి 21 ఏళ్ళ ముందే ఇంగ్లండ్ గడ్డ మీద వందకు పైగా వికెట్లు తీసిన భారతీయ బౌలర్ ఒకాయన ఉన్నారు. ఆయన పుట్టింది అంటరానివారని ఊరు దూరం పెట్టిన కులంలో. ఆయన పేరు పల్వంకర్ బాలూ. మన పాఠ్యపుస్తకాల్లో నాకు ఆయన పేరు కనిపించలేదు. అందుకే ఈ సంచికలో ఆయన గురించి రాయాలనిపించింది.

బాలూ 1876 ప్రాంతంలో ధార్వాడ్‌లో జన్మించారు. వారిది తోలు పని చేసే చాంభార్ కులం. తండ్రి సైన్యంలో పని చేసేవాడు, అందువల్ల కుటుంబం పూనాలో ఉండేది. శివరామ్, విఠల్, గణపత్ ఆయన తమ్ముళ్ళు. నలుగురూ క్రికెటర్లే అయ్యారు. ఇంట్లో డబ్బు లేక బాలూ చిన్నతనంలోనే పనికి వెళ్ళారు. మొదట పూనాలోని పార్సీల క్రికెట్ మైదానంలో ఊడ్వడం, పిచ్ చదును చేయడం ఆయన పని. జీతం నెలకు 3 రూపాయలు. 1892 ప్రాంతంలో దొరల పూనా క్లబ్‌కు మారారు. అక్కడ నెలకు 4 రూపాయలు. పిచ్‌ను రోలర్‌తో చదును చేయడం, వలలు కట్టడం, దొరలు ప్రాక్టీసు చేసుకోవడానికి బంతులు వేయడం, ఇవీ పనులు.

ఆ క్లబ్‌లో గ్రేగ్ అనే సైనికాధికారి గొప్ప బ్యాట్స్‌మన్. గంటల తరబడి ఆయనకు బంతులు వేసీ వేసీ బాలూ ఎడమచేతి స్పిన్‌లో ఆరితేరారు. తనను అవుట్ చేసినప్పుడల్లా గ్రేగ్ 8 అణాలు ఇచ్చేవాడని చెప్పుకుంటారు. కానీ పూనా క్లబ్‌లో బాలూ చేతికి బ్యాట్ మాత్రం ఇవ్వలేదు. బ్యాట్ దొరలది, బంతి నౌకరుది. ఇంగ్లండ్‌లో కూడా పరిస్థితి కొంచెం అలాగే ఉండేది. డబ్బు తీసుకోకుండా ఆడేవారిని జెంటిల్మెన్ అనీ, కూలి తీసుకుని ఆడేవారిని ప్లేయర్స్ అనీ విడదీసేవారు. చెమటోడ్చే బౌలింగ్ పని ఎక్కువగా కూలి ఆటగాళ్ళ మీదే పడేది. చాలా మైదానాల్లో ఇద్దరికీ వేరే గదులు, వేరే గేట్లు. ఆ విభజన 1962 దాకా సాగింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆట నియమాల గురించి చెప్పాలి. ఆ రోజుల్లో బౌలర్ బంతి వదిలేటప్పుడు ఒక పాదం వికెట్ల వరుసలో ఉన్న గీతకు వెనుక నేల మీద ఉండాలి. లేకపోతే నోబాల్. మనం ఇప్పుడు చూసే ముందు కాలి నియమం 1960లలో వచ్చింది. చేతితో బంతి విసిరినా నోబాలే. 1898లో ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ ఎర్నీ జోన్స్ బంతి విసిరాడని సొంత దేశపు అంపైరే నోబాల్ ప్రకటించాడు. టెస్టుల్లో అలా జరగడం అదే మొదటిసారి. అంటే ఆట రూల్సు పుస్తకంలో కులం లేదు, దేశం లేదు, హోదా లేదు. గీత దగ్గర మహారాజు పాదమైనా, మైదానం ఊడ్చేవాడి పాదమైనా ఒకటే.

అయితే మైదానం బయట గీసిన గీతలు వేరు. పూనాలోని హిందువుల జట్టు దొరల జట్టును ఓడించాలనుకుంది. అందుకు బాలూ లాంటి బౌలర్ కావాలి. కానీ ఆయన్ను చేర్చుకోవాలా వద్దా అని జట్టులో వాదన జరిగింది. ఆ జట్టులోని తెలుగు సభ్యులు కొందరు చేర్చుకోవాలనే పక్షాన నిలిచారని చరిత్రకారులు రాశారు. ఇది మనం గర్వంగా గుర్తుంచుకోవాల్సిన సంగతి. చివరికి బాలూను తీసుకున్నారు. మైదానంలో ఆయన తాకిన బంతిని అందరూ తాకారు. టీ విరామంలో మాత్రం మిగతావారికి లోపల పింగాణీ కప్పుల్లో టీ, బాలూకు పెవిలియన్ బయట మట్టి ముంతలో టీ. భోజనం కూడా విడిగానే. బంతికి లేని మైల కప్పుకు ఎలా అంటిందో ఎవరూ చెప్పలేదు.

బాలూ బౌలింగ్‌తో ఆ జట్టు సతారా దొరల జట్టు మీద గెలిచింది. ఆ తర్వాత సంఘసంస్కర్త రానడే వంటి పెద్దలు ఆయన్ను బహిరంగంగా గౌరవించారు. తరువాత పూనాలో ప్లేగు వ్యాపించడంతో బాలూ బొంబాయి చేరారు. అక్కడ హిందూ జింఖానా తరఫున ఆడారు, రైల్వేలో ఉద్యోగం చేశారు. 1906 ఫిబ్రవరిలో హిందువుల జట్టు యూరోపియన్ల జట్టును 109 పరుగుల తేడాతో ఓడించింది. ఆ గెలుపులో బాలూ వికెట్లది పెద్ద పాత్ర. పాలించే దొరలను వాళ్ళ ఆటలోనే ఓడించడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు.

1911లో పటియాలా మహారాజు నాయకత్వంలో అఖిల భారత జట్టు ఇంగ్లండ్ వెళ్ళింది. జట్టు ఎక్కువ మ్యాచ్‌లు ఓడిపోయింది. కానీ బాలూ 114 వికెట్లు తీశారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ జట్టు మీద ఒకే ఇన్నింగ్స్‌లో 8 వికెట్లు. అప్పటికి ఆయన వయసు 35 ప్రాంతం, పైగా భుజం నొప్పి. తిరిగి వచ్చాక బొంబాయిలో అణగారిన కులాలవారు ఆయనకు సన్మానం చేశారు. అప్పుడు కాలేజీలో చదువుతున్న యువ అంబేద్కర్‌కు కూడా ఆ సన్మానంలో పాత్ర ఉంది. బాలూ అంటే ఆయనకు ఎంతో అభిమానం.

ఇంత చేసినా బాలూకు కెప్టెన్సీ ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి అభిమానులు అడిగినా ఇవ్వలేదు. 1920 పోటీల్లో ఆయనకంటే జూనియర్‌కు నాయకత్వం ఇచ్చి, బాలూను జట్టులోంచి తీసేశారు. అప్పుడు తమ్ముళ్ళు విఠల్, శివరామ్ జట్టు నుంచి తప్పుకున్నారు. కారణం కులమేనని బహిరంగ ప్రకటన ఇచ్చారు. ప్రజల్లో చర్చ జరిగింది. చివరి మ్యాచ్‌కి బాలూను వైస్ కెప్టెన్‌గా తీసుకున్నారు, తమ్ముళ్ళూ తిరిగి వచ్చారు. కెప్టెన్ పాయ్ కావాలనే కాసేపు మైదానం వదిలి వెళ్ళి బాలూ చేత జట్టును నడిపించాడు. 1923లో విఠల్ పూర్తి స్థాయి కెప్టెన్ అయ్యాడు, జట్టు విజేతగా నిలిచింది. అన్నకు మూసిన తలుపు తమ్ముడికి తెరుచుకుంది.

క్రీడాస్ఫూర్తి అంటే ఏం జరిగినా నోరు మూసుకుని ఉండటమని కొందరు మనకు చెబుతుంటారు. ఈ అన్నదమ్ముల జీవితం అలా చెప్పడం లేదు. అంపైర్ నోబాల్ అంటే ఒప్పుకోవడం క్రీడాస్ఫూర్తి. కులం చూసి కెప్టెన్సీ ఆపితే అది అంపైర్ తీర్పు కాదు, అది ఆటకే ఫౌల్. దాన్ని ఫౌల్ అని చెప్పడం కూడా క్రీడాస్ఫూర్తే. వాళ్ళు పిచ్ తవ్వలేదు, అంపైర్ మీదికి వెళ్ళలేదు. కారణం చెప్పి తప్పుకున్నారు. మర్యాదగా పిలిస్తే వచ్చి ఆడారు.

బాలూ తర్వాత రాజకీయాల్లోకి వచ్చారు. 1932లో ప్రత్యేక నియోజకవర్గాల విషయంలో ఆయన అంబేద్కర్‌తో ఏకీభవించలేదు. పూనా ఒప్పందం మీద ఇద్దరూ సంతకం చేశారు. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ బాలూను అంబేద్కర్ మీదే పోటీకి నిలబెట్టింది. అంబేద్కర్‌కు 13,245 ఓట్లు, బాలూకు 11,225 ఓట్లు వచ్చాయి. ఈ సంగతి చదివి మనలో కొందరికి బాధ కలగవచ్చు. నాకూ కలిగింది. కానీ ఒక మనిషిని గౌరవించడానికి ఆయన ప్రతి నిర్ణయాన్నీ ఒప్పుకోనక్కర్లేదు. 1955 జూలై 4న బాలూ బొంబాయిలో కన్నుమూశారు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో 33 మ్యాచ్‌లు, 179 వికెట్లు, వికెట్‌కు సగటున 15 పరుగులు. ఇవి ఎవరూ చెరపలేని అంకెలు.

తమ్ముళ్ళారా! మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. మీలో చాలామంది మీ ఇళ్ళల్లో మొదటివాళ్ళు కాబోతున్నారు. పరీక్ష హాల్లో, ఇంటర్వ్యూలో, ఉద్యోగంలో రూల్సు అందరికీ ఒకటే అయినచోట మనం ఒక్క అంగుళం కూడా గీత దాటవద్దు. కాపీ కొట్టి తెచ్చుకున్న మార్కు నోబాల్ మీద పడిన వికెట్ లాంటిది, లెక్కలోకి రాదు. కానీ మన కోసమే ఎవరైనా వేరే గీత గీస్తే, వేరే గ్లాసు పెడితే, విఠల్, శివరామ్‌లలాగా నిలబడి కారణం చెబుదాం. ఒక్కరే నిలబడలేకపోతే పక్కవాడి చెయ్యి పట్టుకుని నిలబడదాం.