సగం పడవ

మాది కోటగిరి. మాకు పెద్ద నీళ్లంటే మంజీర, పడవ అంటే పుట్టి. చిన్నప్పుడు ఒకసారి పుట్టి ఎక్కిన. నలుగురు మనుషులు, రెండు బస్తాలు. అంచుకూ నీళ్లకూ మధ్య జానెడు కూడా లేదు. నాకు ఈత రాదు, ఇప్పటికీ రాదు. అందుకేనేమో, పడవలో ఒంటరిగా ప్రపంచం చుట్టి వచ్చిన మొదటి మనిషి జాషువా స్లోకమ్ గురించి చదివినప్పుడు, అందరూ మెచ్చుకునే అతని పెద్ద పడవ కంటే దాని డెక్ మీద ఉన్న చిన్న పడవ దగ్గరే నా మనసు ఆగిపోయింది.

స్లోకమ్ 1844లో, ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టాడు. తండ్రి బూట్లు కుట్టేవాడు. కొడుకు చేసుకున్న బొమ్మ ఓడను ఆయన పగలగొట్టాడంటారు. పద్నాలుగేళ్లకే పిల్లాడు పారిపోయి చేపల ఓడలో వంటకు కుదిరాడు. అక్కడి నుంచి ఎదిగి కెప్టెన్ అయ్యాడు. భార్య వర్జీనియా ఓడలోనే కాపురం చేసి, 1884లో ఓడలోనే చనిపోయింది. మూడేళ్లకు ఆ ఓడ కూడా బ్రెజిల్ తీరంలో పోయింది. ఆవిరి ఓడలు వచ్చేశాయి, తెరచాప కెప్టెన్లకు పనుల్లేవు. అప్పుడు ఒక మిత్రుడు, పొలంలో ఏళ్ల తరబడి పడి ఉన్న పాత పడవను ఇచ్చాడు. స్లోకమ్ 13 నెలలు కష్టపడి, 553 డాలర్ల 62 సెంట్లు పెట్టి దాన్ని కొత్తగా కట్టుకున్నాడు. పొడవు 36 అడుగుల 9 అంగుళాలు. పేరు స్ప్రే. 1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుంచి బయలుదేరాడు. వయసు 51.

ఇక్కడ ఒక చిక్కుంది. అలాంటి పడవను ప్రతిచోటా ఒడ్డుదాకా తేలేం, అడుగు నేలకు తగులుతుంది. లోతులో లంగరు వేసి, ఒడ్డుకు పోవడానికి ఇంకో చిన్న పడవ వాడాలి. దాన్నే టెండర్ అంటారు, మామూలు మాటలో డింగీ. ఎంత పెద్దది ఉండాలి? పెద్దదైతే డెక్ మీద పట్టదు, ఒక్కడే పైకి లాగలేడు. చిన్నదైతే బరువు మోయదు.

గ్లౌస్టర్ రేవులో స్లోకమ్ దీనికి చేసిన పని ఏ డిజైన్ క్లాసులోనూ ఎవరూ ఒప్పుకోరు. ఎవరో పారేసిన డోరీ, అంటే చేపలవాళ్ల బల్లపరుపు అడుగు పడవ, దొరికితే దాన్ని రెండు ముక్కలుగా కోశాడు. ఒక ముక్క తీసుకుని, కోసిన వైపు పలకలతో మూసేశాడు. సగం పడవ! తెరచాపను ఎత్తే తాడునే దాని ముక్కుకు తగిలిస్తే ఒక్క మనిషి సులువుగా పైకి ఎత్తొచ్చు, దించొచ్చు. డెక్ మీద అడ్డంగా పెడితే బట్టలుతికే తొట్టి, కావాలంటే స్నానాల తొట్టి. తర్వాత సమోవాలో బట్టలుతికే ఆమె దాన్ని చూసి, నాకే కావాలని పట్టుబట్టిందట. నాకైతే ఇది మస్తు నచ్చింది.

కానీ ఆ డిసెంబర్ 11న దాని అసలు పరీక్ష వచ్చింది. ఉరుగ్వే తీరం వెంట పోతుంటే వెన్నెల్లో ఇసుక దిబ్బలు కళ్లను మోసం చేశాయి. స్ప్రే ఇసుకలో కూరుకుపోయింది. ఇలాంటప్పుడు చేసేది ఒకటే: లంగరును చిన్న పడవలో లోతు నీళ్లకు తీసుకుపోయి దించాలి, తర్వాత డెక్ మీది నుంచి ఆ తాడు లాగుతూ పడవను బయటికి తేవాలి. ముందు చిన్న లంగరు వేశాడు, చాలలేదు. పెద్ద లంగరు, దాని బరువైన తాడు సగం పడవలోకి ఎక్కించాడు. మా బోధన్ దిక్కు చెరకు ఎక్కువైతే బండి రెండు ట్రిప్పులు కొడుతుంది. లంగరును రెండు ట్రిప్పుల్లో మోయలేం కదా.

పైగా డోరీ కారుతోంది. అలల్లో అంచుదాకా నిండి మునగబోతుంటే స్లోకమ్ తెడ్లు వదిలేసి లేచి, లంగరును తల మీదికి ఎత్తి నీళ్లలోకి విసిరాడు. అదే క్షణంలో పడవ బోల్తా పడింది. అంచు పట్టుకుని వేలాడుతుండగా తనకు ఈత రాదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చిందట! పడవను తిరగేయబోతే అది పూర్తిగా దొర్లి మళ్లీ బోర్లా పడింది. మూడుసార్లు మునిగాడు. ఇక ఆఖరి ప్రార్థనే అనుకుని కూడా ఇంకోసారి ప్రయత్నిస్తే పడవ తిరిగింది. దొరికిన ఒక్క తెడ్డుతో ఒడ్డు చేరాడు.

ఆ ఒడ్డున గుర్రం మీద వచ్చిన ఓ పిల్లాడు పడవ దొరికిందని సంబరపడి, గుర్రానికి కట్టి ఈడ్చుకుపోబోయాడు. సముద్రంలో బరువు మోయలేకపోయిన డోరీ ఒక్క గుర్రం లాగలేనంత బరువుంది! పాపం పిల్లాడు. పోటు వచ్చాక స్ప్రే తేలింది. మాంటెవీడియోలో ఒక ఆవిరి ఓడల కంపెనీ ఏజెంట్లు రెండింటినీ బాగు చేయించారు. డోరీకి ఎంత అందంగా రంగులేశారంటే అది సీతాకోకచిలుకలా తయారైందట.

ఇంత అయ్యాక బుద్ధి వచ్చి ఉంటుందనుకున్నా. లేదు. 1897లో హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవుల్లో, ఇంకొకతనితో కలిసి ఒక డొక్కు పడవలో పెద్ద ఆల్చిప్పల కోసం పోయాడు. గాలికి తెరచాప పోయింది. తెడ్డు లేదు, లంగరుకు సరిపడా తాడు లేదు. గాలి తోసే దిక్కున ఆఫ్రికా తీరం, 3000 మైళ్లు. అదృష్టం, ఒక గడకర్ర ఉంది. దాన్నే తెడ్డులా ఆడిస్తూ నేల అందే చోటుకు చేరారు. నడిసముద్రం అతన్ని చంపలేకపోయింది, కానీ ఒడ్డు కనపడుతుండగా రెండుసార్లు చావు దగ్గరికి పోయాడు.

1898 జూన్ 27న న్యూపోర్ట్‌లో దిగాడు. 46,000 మైళ్లు. పుస్తకం 1900లో వచ్చింది. 1909లో మళ్లీ ఒంటరిగా స్ప్రేలో దక్షిణానికి బయలుదేరాడు. మనిషీ, పడవా మళ్లీ కనబడలేదు. 1924లో కోర్టు అతను చనిపోయినట్లు ప్రకటించింది. ఈత మాత్రం ఆఖరిదాకా నేర్చుకోలేదు.