తిక్కన చూపిన చెట్టు

నెల్లూరి సీమవారికి తిక్కన పేరు పెన్నానది పేరువలెనే చిరపరిచితము. పెన్న తూర్పు సముద్రమును చేరుటకు కొంచెము ముందు, దాని దక్షిణపు గట్టున నున్న నెల్లూరిలో, పదుమూడవ శతాబ్దమున ఆయన మంత్రిగను, కవిగను వెలసెను. తాత మంత్రి భాస్కరుడు. తలిదండ్రులు అన్నమ, కొమ్మనలు. ఆయన జీవితకాలము 1205–1288 అని సాధారణముగ చెప్పుదురు.

ఆయన ప్రభువు తెలుగు చోడ వంశజుడగు మనుమసిద్ధి. వచనమే లేకుండ పద్యములతో రచించిన నిర్వచనోత్తర రామాయణమును తిక్కన ఆ రాజునకే అంకితమిచ్చెను. దాయాదులు మనుమసిద్ధి రాజ్యమును హరింపగా, తిక్కన ఓరుగంటికేగి కాకతి గణపతిదేవుని సాయమర్థించి ప్రభువును మరల గద్దెపై నిలిపెనని సిద్ధేశ్వర చరిత్రము చెప్పుచున్నది. కేతన తన దశకుమార చరిత్రమును అంకితమొసగినది ఈ మంత్రికే. యజ్ఞము చేసి సోమయాజియైన తిక్కన, విరాటపర్వము మొదలు 15 పర్వముల భారతమును మాత్రము రాజులకు కాక హరిహరనాథునకు సమర్పించెను.

కథలో ప్రతీక యననేమి, ప్రధానభావ మననేమి యని అడుగు విద్యార్థులకు విరాటపర్వమునందలి కీచకవధ ఘట్టమును మించిన పాఠము లేదు. అది ఒక చక్కని చిన్నకథ. దాని ప్రధానభావము దాగియుండుట. పాండవులు బయటపడినచో మరల పండ్రెండేండ్లు అరణ్యవాసము తప్పదు.

కీచకుడు సైరంధ్రిని తరుముకొని వచ్చి నిండు కొలువులో తన్నెను. వంటవాడు వలలుడుగా నున్న భీముని చూపు ఒక చెట్టుపై నిలిచెను. ఆ చూపు అర్థమెరిగినవాడు కంకుడుగా నున్న ధర్మరాజు ఒక్కడే. తమ్ముని పేరు పెట్టి వారింపరాదు, ఊరకుండరాదు. అందుచేత ఆయన వంటకట్టెల మాట ఎత్తెను. పండ్లతో, కొమ్మలతో, చల్లని నీడతో ఆశ్రితులకు విశ్రాంతినిచ్చు చెట్టును కూల్చుట తగదని హెచ్చరించెను. సభ్యులకది వంటవాని సంగతి. భీమునకు అన్న యాజ్ఞ. ఆ చెట్టు ఆశ్రయమిచ్చిన విరాటుడు. వ్యాసభారతమున ఈ సన్నివేశము లేకపోలేదు. తిక్కన దానిని ఒక్క పద్యమున మూర్తి కట్టించెను. ఇచట ప్రతీక అలంకారము కాదు, అవసరము. వేరు విధముగ చెప్ప వీలులేనపుడు పుట్టిన మాట యది.

చెట్టనగా విరాటుడని వ్రాసికొని పుస్తకము మూయు విద్యార్థి సగము దారిలోనే ఆగినాడు. ఆ చెట్టు నీడ అయిదుగురిని కాచినది, ఆమెను కాచినదా? తన కొలువులో ఆడుదానిని తన్నిన బావమరదిని రాజు దండింపలేదు. ఈ ప్రశ్నను తిక్కన ద్రౌపదికే అప్పగించెను. నాట్యకత్తెవలె సభలో నిలుచుట తగదని కంకుడు మందలింపగా, తన భర్త నటుడనియు, అంతేకాక జూదరి యనియు, జూదరి ఆలికి మర్యాద యెక్కడిదనియు ఆమె బదులిచ్చెను. సభకది పరిచారిక నిష్ఠురము. ధర్మరాజునకు గుండెలో ములుకు. ఓర్పు ఎంత యవసరమో చెట్టు చెప్పినది. ఆ ఓర్పునకు వెల చెల్లించినవారెవరో ఆమె చెప్పినది.

తుదకు కీచకుడు చచ్చినచోటును గమనింపుడు. పగలు కన్నెలు ఆటపాటలు నేర్చు నర్తనశాల అది, రాత్రి నిర్జనము. మారువేషములతో నటించుచున్నవారి కథలో పగ తీరుటకు అంతకన్న తగిన తావు దొరకదు.

కొలువులో ఒక్క మాట బరువెంతో తిక్కన మంత్రిగా ఎరుగును. ఆ మాట ఎవరిని కాచునో, ఎవరిని గాయపరచునో కవిగా చూపెను. కథ చదువువారు చెట్టు ఎవరని అడుగుటతో తృప్తి చెందరాదు. దాని నీడ ఎందాక వ్యాపించినదో, ఎవరిపై పడలేదో కూడ అడుగవలెను.