రిచర్డ్ బెల్‌మన్

రిచర్డ్ ఎర్నెస్ట్ బెల్‌మన్ (ఆగష్టు 1920 - మార్చి 19, 1984) ప్రముఖ అమెరికా గణిత శాస్త్రవేత్త, డైనమిక్ ప్రోగ్రామింగ్ రూపకర్త. మొబైల్ వైర్‌లెస్ నెట్‌వర్కులలో సమాచారం ఏ దారిన పోవాలో యంత్రాలే అనుభవం మీద నేర్చుకొనే పద్ధతులకు ఈయన సమీకరణము ఆధారము.

జీవితము

న్యూయార్క్ నగరంలో జన్మించాడు. 1941లో బ్రూక్లిన్ కళాశాల నుండి పట్టభద్రుడయ్యాడు. యుద్ధకాలంలో లాస్ అలమోస్‌లో పనిచేసి, 1946లో ప్రిన్స్‌టన్‌లో డాక్టరేటు పొందాడు. రాండ్ సంస్థలో పనిచేసిన పిమ్మట 1965లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా చేరాడు. తన పని గణితమని రక్షణ మంత్రి విల్సన్‌కు తెలియకుండా ఉండేందుకే డైనమిక్ ప్రోగ్రామింగ్ అనే పేరు పెట్టినట్లు ఆత్మకథలో వ్రాసుకున్నాడు. కాని విల్సన్ మంత్రి అయినది 1953లో. ఆ పేరుతో వ్యాసం 1952లోనే వచ్చింది. కనుక ఈ కథను పూర్తిగా నమ్మలేము. 1973లో మెదడులో కణితి బయటపడింది. శస్త్రచికిత్స అనంతరం అంగవైకల్యం కలిగినా రచన మానలేదు. 1979లో ఐఈఈఈ మెడల్ ఆఫ్ ఆనర్ లభించింది.

దారుల సమస్య

1958లో ఈయన దారుల సమస్యపై వ్యాసం ప్రచురించాడు. ఉదాహరణకు, ఆదోని నుండి కర్నూలుకు ఎమ్మిగనూరు మీదుగా గాని, పత్తికొండ మీదుగా గాని పోవచ్చును. ఇందుకు జిల్లా పటమంతా అక్కరలేదు. ఎమ్మిగనూరు చేరే కాలానికి, అక్కడి నుండి కర్నూలుకు పట్టే కనిష్ఠ కాలాన్ని కలపాలి. పత్తికొండకూ అట్లే లెక్కించి తక్కువైన దానిని ఎంచుకోవాలి. ఎమ్మిగనూరు తన లెక్కకు కోడుమూరును అడుగుతుంది. 1956లో ఫోర్డ్ కూడా ఇటువంటి పద్ధతినే చెప్పినందున దీనిని బెల్‌మన్-ఫోర్డ్ పద్ధతి అంటారు. 1969లో మొదలైన ఆర్పానెట్‌లో తొలుత దీనినే వాడారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. కోడుమూరు దారి తెగితే, ఎమ్మిగనూరు ఆదోని చెప్పే పాత లెక్కను నమ్ముతుంది. ఆ లెక్క తన మీదుగా వేసినదేనని దానికి తెలియదు! పరికరాలు నిత్యం కదిలే నెట్‌వర్కులలో ఇట్లా దారులు తెగడం మామూలే. 1994లో పెర్కిన్స్, భగవత్‌లు ప్రతి కబురుకూ వరుస సంఖ్య చేర్చి దీనిని సరిదిద్దారు. అదే సంవత్సరం బోయాన్, లిట్‌మన్‌లు క్యూ-రౌటింగ్‌ను ప్రకటించారు. ఇందులో ప్రతి నోడు దూరాన్ని గాక, వరుసలో నిరీక్షణతో సహా నిజంగా పట్టిన కాలాన్ని పొరుగు నోడుల ద్వారా తెలుసుకొని తన అంచనాను దిద్దుకుంటుంది. రద్దీ హెచ్చినపుడు ఇది కనిష్ఠ దూర మార్గం కంటే మెరుగని ప్రయోగాలలో తేలింది.

పరిమాణాల శాపము

తన పద్ధతికి గల హద్దును బెల్‌మన్ తానే గుర్తించి దానిని పరిమాణాల శాపము అన్నాడు. ఒక్కొక్క నోడుకు పది స్థితులుంటే, పది నోడుల నెట్‌వర్కుకు వెయ్యి కోట్ల స్థితులు ఏర్పడతాయి. వాటన్నిటికీ పట్టిక వ్రాయడం అసాధ్యం కావడం చేతనే తరువాతి పరిశోధకులు పట్టికకు బదులు న్యూరల్ నెట్‌వర్కులతో ఉజ్జాయింపు వేయసాగారు.