ఏటి ఒడ్డు మేజిస్ట్రేటు

మహనీయుల జీవితాలనగానే మనకు జ్ఞాపకం వచ్చేవి స్వాతంత్ర్య సమరాలు, గొప్ప గొప్ప శాస్త్ర పరిశోధనలు. గాలం వేసి చేపలు పట్టుకునే మనిషి గురించి కాలేజీ సంచికలో రాయడమేమిటని మిత్రులు కొందరు నవ్వారు. అయితే ఈ మనిషి లా చదవకుండానే మేజిస్ట్రేటు అయ్యారు. డిగ్రీ చదవకుండానే ఒక విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్ అయ్యారు. నదుల కోసం ప్రభుత్వాలతో తగవు పెట్టుకున్నారు. ఆయన కెనడా దేశపు రోడెరిక్ హేగ్-బ్రౌన్.

ఆయన 1908 ఫిబ్రవరి 21న ఇంగ్లండులో, ససెక్స్ ప్రాంతంలోని లాన్సింగ్‌లో పుట్టారు. తాతగారు ప్రసిద్ధమైన చార్టర్‌హౌస్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయులు. తండ్రి రచయిత, సైనికాధికారి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, ఆయన మరణించేనాటికి కుర్రవాడికి పదేళ్లు. ఆ తర్వాత తల్లి పుట్టింటివారి ప్రాంతమైన డోర్సెట్‌లో ఏళ్ల వెంట తిరుగుతూ గాలం వేయడం నేర్చాడు. చదువు మాత్రం సరిగా సాగలేదు. 1926లో, ఇంకా ఇరవై ఏళ్లైనా నిండకుండానే, ఓడెక్కి అమెరికా పడమటి తీరానికి చేరి, వాషింగ్టన్ రాష్ట్రంలో కలప కొట్టే క్యాంపులో కూలికి కుదిరాడు. అక్కడినుంచి కెనడాలోని వాంకూవర్ దీవికి వెళ్లాడు. మధ్యలో కొంతకాలం ఇంగ్లండు వెళ్లి వచ్చినా మనసంతా ఆ దీవి మీదే ఉండిపోయింది.

ఆయన పట్టిన గాలం మన కాలవగట్ల మీద వానపాము గుచ్చి వేసే గాలం కాదు. దాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. చిన్న కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి, నీటి మీద వాలిన పురుగులా కనిపించే బొమ్మను తయారుచేస్తారు. దానికి బరువంటూ ఉండదు. అందుకని దారానికే బరువుండేలా చేసి, కర్రతో వెనక్కీ ముందుకీ ఊపి విసురుతారు. ఏ కాలంలో ఏ పురుగు నీటిలో పుడుతుంది, చేప ఎప్పుడు పైకొస్తుంది అన్నది తెలియకపోతే ఈ విద్య పట్టుబడదు. ఒక రకంగా ఇది జంతుశాస్త్రం ప్రాక్టికల్ క్లాసే!

ఇంగ్లండు ఏళ్లలో పెంపొందిన ఈ పద్ధతిని పసిఫిక్ తీరపు ఉధృతమైన నదులకు తగినట్లు మలచినవారిలో హేగ్-బ్రౌన్ ముఖ్యులు. సముద్రానికి వెళ్లి తిరిగొచ్చే స్టీల్‌హెడ్ అనే బలమైన చేపను నీటిపై తేలే ఈక పురుగుతో పట్టవచ్చని ఆచరణలో చూపించారు. 1939లో వెలువడిన ఆయన గ్రంథం ‘ది వెస్టర్న్ ఆంగ్లర్’ అక్కడి చేపల గురించీ వాటిని పట్టే తీరు గురించీ ప్రామాణికమైంది. రానురాను మాత్రం పట్టిన చేపల్లో చాలావాటిని తిరిగి నీటిలోనే వదిలిపెట్టేవారు. చేపను చంపడం కంటే తెలుసుకోవడంలోనే ఆయనకు ఆనందం ఎక్కువైంది.

1934లో సియాటిల్‌కు చెందిన ఆన్ ఎల్మోర్‌ను పెళ్లాడి, క్యాంప్‌బెల్ నది ఒడ్డున ఇరవై ఎకరాల చోట కాపురం పెట్టారు. నలుగురు పిల్లలు, పాడి, తోటపని, రాతపని. ఆ ఇంట్లోనుంచే ఇరవైకి పైగా పుస్తకాలు వెలువడ్డాయి. 1940ల ఆరంభంలో ఆ ఊరికి మేజిస్ట్రేటుగా నియమితులై, నడుమ యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసిన రోజులు పోగా, దాదాపు మూడు దశాబ్దాలు ఆ పదవిలో ఉన్నారు. కలప కూలీలు, జాలర్లు, కుటుంబ తగాదాలు, దారి తప్పిన పిల్లలు - ఇవీ ఆయన ముందుకొచ్చే కేసులు. ఇరుపక్షాల మాటా విని తీర్పు చెప్పే ఆ అలవాటే నదుల విషయంలోనూ ఆయనకు పనికొచ్చిందని నా అభిప్రాయం. కాకపోతే అక్కడ ఒక పక్షానికి నోరు లేదు.

ఆ నోరులేని పక్షం సాల్మన్ చేప. ఇది నది ఎగువన గులకరాళ్ల మధ్య గుడ్డులోంచి పుడుతుంది. పిల్లగా దిగువకు ఈది సముద్రం చేరి, అక్కడ కొన్నేళ్లు పెరిగి, మళ్లీ తాను పుట్టిన ఏటినే వెతుక్కుంటూ వస్తుంది. పుట్టినచోటి నీటి వాసనే దానికి దారి చూపుతుందని శాస్త్రజ్ఞులు తేల్చారు. గుడ్లు పెట్టి చనిపోతుంది. ఆ కళేబరాలే ఏటికీ చుట్టుపక్కల అడవికీ ఎరువు. ఒకే చేప జీవితాన్ని కథగా చెబుతూ 1941లో ఆయన ‘రిటర్న్ టు ది రివర్’ రాశారు. కొలంబియా నది మీద బోన్‌విల్ ఆనకట్ట పూర్తయి అప్పటికి మూడేళ్లే. చేప దారికి గోడ కడితే ఏమవుతుందన్న ప్రశ్న ఆ కథలోనే ఉంది.

1950ల మొదట్లో ఆ ప్రశ్న ఆయన ఇంటి ముందుకే వచ్చింది. క్యాంప్‌బెల్ నదికి ఎగువన ఉన్న బటిల్ సరస్సు, 1911లో ఏర్పడిన స్ట్రాత్‌కోనా పార్కులోది. విద్యుత్తు కోసం ఆ సరస్సు మట్టాన్ని పెంచాలని ప్రభుత్వ విద్యుత్ సంస్థ తలపెట్టింది. ప్రజల కోసం శాశ్వతంగా కేటాయించిన చోటును ముంచే హక్కు ఎవరిచ్చారని హేగ్-బ్రౌన్ ఎదురు నిలిచారు. సభల్లో మాట్లాడారు, పత్రికలకు రాశారు, విచారణల్లో వాదించారు. కరెంటు వద్దన్నది ఆయన వాదన కాదు. చివరికి ఆనకట్టను కిందికి జరిపి కట్టారు. 1958లో అది పూర్తయింది, సరస్సు మట్టం పెరగనే పెరిగింది. పోరాటం ఓడిపోయిందనే చెప్పాలి. 1966 నుంచి ఆ పార్కులోనే ఒక గని నడిచి, దాని వ్యర్థపు మట్టిని ఏళ్ల తరబడి అదే సరస్సులో కలిపారు. దాన్నీ ఆయన వ్యతిరేకించారు. నీటిలో జింకు వంటి లోహాలు పెరిగిన సంగతి తర్వాత పరీక్షల్లో బయటపడింది.

రెండో కథ ఫ్రేజర్ నదిది. 1913లో రైలు మార్గం పనుల్లో బండలు విరిగి హెల్స్ గేట్ అనే ఇరుకు లోయలో పడ్డాయి. చేపలు ఎదురెక్కలేక లక్షలాదిగా నశించాయి. 1940లలో ప్రత్యేకమైన మెట్లదారులు కట్టాకగాని సంతతి కోలుకోవడం మొదలవలేదు. అటువంటి నది మీద మోరన్ దగ్గర ఏడు వందల అడుగులకు పైగా ఎత్తున ఆనకట్ట కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. ఈసారి జాలర్లు, జీవశాస్త్రజ్ఞులు, స్థానిక ఆదివాసీ ప్రజలు, హేగ్-బ్రౌన్ వంటి రచయితలు ఒకే మాట మీద నిలిచారు. 1970ల మొదట్లో ప్రతిపాదన మూలపడింది. ఫ్రేజర్ ప్రధాన ప్రవాహం మీద నేటికీ ఆనకట్ట లేదు.

గోదావరి కాలవ నీటితో పండిన అన్నం తిని పెరిగినవాణ్ని నేను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కాకపోతే మా పొలాలు లేవు, నా ఈ చదువూ లేదు. కాటన్ దొరకు దండం పెట్టే ఇళ్లలో మాదొకటి. కాబట్టి ఆనకట్టను కాదన్న మనిషి మీద నాకు గౌరవం ఊరికే కలగలేదు. కానీ వరదకాలంలో సముద్రం నుంచి గోదావరి ఎదురెక్కే పులస కూడా సాల్మన్ లాంటి యాత్రికురాలే. దాని దారికి ఆ ఆనకట్టే అడ్డం. మనకొచ్చిన ధాన్యం లెక్క పుస్తకాల్లో ఉంది. చేప పోగొట్టుకున్న దారి లెక్క ఏ పద్దులో రాశాం? హేగ్-బ్రౌన్ జీవితమంతా అడిగిందీ ఇదే. కట్టండి, కానీ లెక్క పూర్తిగా వేయండి, నష్టపోయేవాళ్ల మాట ముందే వినండి. ఈ మాట రైతుకు శత్రువు కాదు. రేపు పై ఎత్తున ఎవరో నీళ్లు ఆపితే కింద పొలంవాడు అడిగేదీ ఇదేగదా.

1970 నుంచి 1973 వరకు ఆయన విక్టోరియా విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్‌గా ఉన్నారు. 1976 అక్టోబరు 9న కన్నుమూశారు. మరుసటి ఏడాది, ఫ్రేజర్‌కు ఉపనది శాఖ అయిన ఆడమ్స్ నది దగ్గరి పార్కుకు ఆయన పేరు పెట్టారు. నాలుగేళ్లకొకసారి అక్కడ ఎర్రటి సాకై సాల్మన్ లక్షలాదిగా వచ్చి ఏటిని కుంకుమ చేస్తాయి. 2018లో ఆ పార్కుకు సెక్వెపెమ్క్ ఆదివాసుల భాషలోని ‘చూచ్వెక్’ అన్న పేరు పెట్టారు. ఆయన రాకముందు వేల ఏళ్లుగా ఆ చేపలతో బతికినవారు వాళ్లు. ఆ మార్పు న్యాయమే అనిపిస్తుంది. ఇరుపక్షాలూ వినే మేజిస్ట్రేటు దాన్ని కాదనేవారు కారు.

పేరు ఎవరిదైనా, చేపలు మాత్రం వస్తూనే ఉన్నాయి. సైన్సు చదివి రేపు ఇంజనీర్లుగా, అధికారులుగా, లెక్చరర్లుగా వెళ్లబోయే మనం ఏదో ఒకనాడు ఒక నది కాగితం మీద సంతకం పెట్టవలసి రావచ్చు. ఆనాడు నోరులేని పక్షం తరఫున ఒక ప్రశ్న అడిగితే చాలు, ఈ ఏటి ఒడ్డు మేజిస్ట్రేటు జీవితం చదివినందుకు ఫలితం దక్కినట్లే.