ఉత్కంఠకు కొలత కట్టిన దర్శకుడు: కదిరి వెంకటరెడ్డి

గూఢచారి చిత్రమనగానే ఉత్సాహపడని విద్యార్థి మన కళాశాలలో అరుదు. పెద్దలకు ఆ ఉత్సాహం అంతగా రుచించదు. తుపాకుల మోత, కార్ల పరుగు, మారువేషాలు, రహస్య స్థావరాలు, వీటిలో ఏమున్నదని వారి ప్రశ్న. ఇంతమందిని రెండున్నర గంటలపాటు కదలకుండా కూర్చోబెట్టే చిత్రంలో ఏదో ఒక విద్య ఉండితీరాలని మా విశ్వాసం. ఆ విద్య ఎట్టిదో తెలుసుకొనగోరేవారి ముందు మేము ఒక జీవితచరిత్రను ఉంచదలచినాము. అది ఆధునిక గూఢచారి చిత్రం ఒక్కటైనా తీయని దర్శకుని జీవితం. అయినను ఆ చిత్రాలను రక్తి కట్టించే మర్మాలన్నింటినీ ఆయన ముందే ఎరిగియుండినారు. ఆయనే మన సీమ బిడ్డ, కె.వి.రెడ్డిగా ప్రసిద్ధులైన కీర్తిశేషులు కదిరి వెంకటరెడ్డిగారు.

జననం – తొలి ఉద్యోగం

రెడ్డిగారు 1912 జూలై 1న అనంతపురం జిల్లా తాడిపత్రి ప్రాంతంలో జన్మించినారు. తాడిపత్రిని ఒరసి పారే పెన్నానది అక్కడినుండి కడప జిల్లాలో ప్రవేశించి గండికోట లోయను చీల్చుకొని సాగుతుంది. వాన కోసం ఆకాశం వైపు చూచే ఈ నేలకు, చలనచిత్ర పరిశ్రమకు ఆ రోజులలో ఏమి సంబంధమని అడగవచ్చు. సంబంధం చాల ఉన్నది. వాహినీ సంస్థకు ప్రాణం పోసిన బి.ఎన్.రెడ్డిగారు కడప జిల్లా వారు. ఆయన తమ్ముడు, విజయా సంస్థను చక్రపాణిగారితో కలిసి నెలకొల్పిన బి.నాగిరెడ్డిగారును ఆ జిల్లా వారే. వాహినికి అండగా నిలిచిన మూలా నారాయణస్వామిగారిది తాడిపత్రి. మద్రాసు స్టూడియోలలో తెలుగు సినిమా నిలదొక్కుకొన్న కాలంలో దాని వెనుక నిలిచిన చేతులలో అనేకం రాయలసీమ చేతులే.

కె.వి.రెడ్డిగారు ఈ రంగంలోనికి కెమెరా పట్టుకొని రాలేదు. లెక్కల పుస్తకం పట్టుకొని వచ్చినారు. 1938 నాటి ‘గృహలక్ష్మి’ చిత్రానికి ఆయన క్యాషియరు. తరువాత వాహినిలో నిర్మాణ వ్యవహారాలు చూచినారు. ఈ అనుభవం చిన్నది కాదని మా అభిప్రాయం. ఫిలిం అడుగులలో కొలవబడుతుంది, అడుగడుగుకు ఖర్చున్నది. నిర్మాత ధనానికి లెక్క చెప్పిన ఆ మనిషి, దర్శకుడైన తరువాత ప్రేక్షకుని కాలానికి కూడా లెక్క చెప్పవలెనని భావించినారు. ఆయన కళకంతటికి పునాది ఈ భావమే.

భక్తుల కథల నుండి సాహస కథకు

దర్శకునిగా ఆయన తొలి చిత్రం ‘భక్త పోతన’, 1943లో విడుదలైనది. పోతన పేరు చెప్పగానే కడప జిల్లావారికి ఒంటిమిట్ట గుర్తు రావడం సహజం. తరువాత 1947లో ‘యోగి వేమన’ వచ్చినది. రెంటిలోను నాగయ్యగారే ప్రధాన పాత్రధారి. ఈ చిత్రాలలో కత్తి లేదు, పరుగు లేదు. ఒక మనిషి అంతరంగంలో జరిగే మార్పు కోసం ప్రేక్షకుని ఓపికగా నిరీక్షింపజేయడమే వాటిలోని విద్య. నిరీక్షింపజేయడం తెలియని దర్శకునికి ఉత్కంఠ పుట్టించడం సాధ్యం కాదు. 1949లో ‘గుణసుందరి కథ’తో ఆయన జానపదంలో అడుగుపెట్టినారు. 1951లో విజయావారి ‘పాతాళభైరవి’తో తెలుగు సాహసచిత్రానికి ఒక రూపం ఏర్పడినది.

‘పాతాళభైరవి’ కథకు మూలాలు రెండు వైపులనుండి వచ్చినవి. ఒకటి మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీ మజిలీ కథలు. రెండవది అల్లావుద్దీన్ అద్భుతదీపం కథ. పింగళి నాగేంద్రరావుగారు ఈ రెంటినీ ఒకే పానకంగా కలిపినారు. ఉర్దూ, తెలుగు భాషలు పక్కపక్క గదులలో వినిపించే మన కళాశాల విద్యార్థులకు ఈ కలయిక వింతగా తోచదు. ఉర్దూ దాస్తానులలో అమీర్ హమ్జా పక్కన అమర్ అయ్యార్ ఉంటాడు. వేషం మార్చడంలో దిట్ట; ఏ వస్తువునైనా తనలో ఇముడ్చుకొనే జంబీలు సంచి, ఇతరుల కంటికి కనబడకుండా చేసే గిలీము వాని ఆయుధాలు. 19వ శతాబ్ది చివర లక్నోలో నవల్ కిషోర్ ముద్రణాలయం వెలువరించిన ‘తిలిస్మె హోష్రుబా’ సంపుటాల నిండా ఈ అయ్యారుల విన్యాసాలే. సంస్కృతంలో విశాఖదత్తుని ‘ముద్రారాక్షసం’ వేగులవారి నాటకమే గదా. కనుక గూఢచారి మనకు 1960లలో విమానం దిగి వచ్చిన అతిథి కాడు. మన అవ్వలకును, నానీలకును తెలిసినవాడే.

‘పాతాళభైరవి’లో తోటరాముడు వీరుడు, వాని మిత్రుడు అంజి అయ్యారు. మాంత్రికుడు రాజకుమారిని, భవనాన్ని సహా ఎత్తుకొనిపోయిన తరువాత కథ అచ్చముగా గూఢచారి కథయే. శత్రువుకు ఒక రహస్య స్థావరం ఉన్నది. వాని బలమంతా ఒక చిన్న ప్రతిమలోను, వాని గడ్డంలోను దాగియున్నది. అంజి మాంత్రికుని శిష్యుడైన సదాజపుని వేషంలో లోపలికి చేరి, రాజకుమారి మెప్పు కోసమని నమ్మబలికి, గడ్డం తీసివేయించి మాంత్రికుని శక్తిహీనుని చేస్తాడు. సదాజపునిగా నటించిన పద్మనాభంగారు కడప జిల్లా సింహాద్రిపురం వారు. ఆ మాంత్రికుని పాత్రలో ఎస్.వి.రంగారావుగారు చూపిన ఠీవి మరొక సత్యాన్ని తెలుపుతున్నది. ప్రతినాయకుడు ఎంత తెలివిగలవాడైతే నాయకుని గెలుపు అంత తీపి. శత్రువు మూర్ఖుడైతే సాహసానికి విలువ ఎక్కడిది? 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రం ప్రదర్శింపబడినది.

మాయాబజారు: వేషం లోపలి వేషం

1954లో ‘పెద్దమనుషులు’, 1955లో ‘దొంగరాముడు’ తీసి సాంఘికంలోను తన నేర్పు చూపిన పిమ్మట, రెడ్డిగారు 1957లో ‘మాయాబజారు’ను వెలువరించినారు. పౌరాణికంగా అందరు ఎరిగిన ఈ చిత్రాన్ని ఒకసారి గూఢచారి చిత్రంగా చూడవలెనని పాఠకులను కోరుతున్నాము. శత్రుశిబిరంలోనికి పెళ్లికూతురి రూపంలో ఒక రాక్షసవీరుడు ప్రవేశిస్తాడు. వాని అనుచరులు విడిదినంతటినీ మాయతో నిర్మిస్తారు. వ్యూహాన్నంతటినీ నడిపే పెద్ద తెర వెనుక చిరునవ్వుతో ఉంటాడు. చూచినవారి మనసులోని ప్రియమైనవారిని చూపే ప్రియదర్శిని పేటిక ఒకటి, ఎక్కినవారి నోట నిజమే పలికించే సత్యపీఠం మరొకటి. జేమ్స్ బాండ్ తొలి చిత్రం ‘డాక్టర్ నో’ వచ్చినది 1962లో. ఆ చిత్రాల అభిమానులు మురిసిపోయే వింత పరికరాలకు ఐదేండ్ల ముందే మన తెరపై ఇటువంటి సోదరులు వెలసినవన్నమాట. అయితే శకుని సత్యపీఠం ఎక్కి తన కుట్రను తానే బయటపెట్టుకొనేటప్పుడు మనకు కలిగే ఆనందం పీఠం వింతదైనందువలన కాదు. అంతవరకు అందరినీ మాటలతో ఆడించినవాడు తన మాటకే చిక్కినందువలన. పరికరం కథకు తాళంచెవిగా పనిచేసినప్పుడే రక్తి కడుతుంది.

ఇక పెళ్లిపీటల ఘట్టం. ముసుగులోని శశిరేఖ నిజానికి ఘటోత్కచుడని మనకు తెలుసు, కౌరవులకు తెలియదు. సావిత్రిగారు సుకుమారమైన దేహంతో రాక్షసుని నడకను, చూపును ప్రదర్శించినారు. లక్ష్మణకుమారునిగా రేలంగిగారు ఆ చేతి పట్టుకు, కాలి తొక్కుడుకు అల్లాడిపోతుంటే హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వులో భయం కూడా ఉన్నది. గుట్టు ఇప్పుడే బయటపడునేమోనన్న భయం. గూఢచారి చిత్రానికి ఆయువుపట్టు ఇదే. రహస్యాన్ని ప్రేక్షకునికి అప్పగించి, దానిని కాపాడే బాధ్యతను కూడా అతనికే అప్పగించాలి. అప్పుడు అతడు చూచేవాడుగా మిగలడు. కుట్రలో భాగస్వామి అవుతాడు. ఏమీ చెప్పకుండా హఠాత్తుగా బాంబు పేల్చితే ప్రేక్షకుడు ఒక్క క్షణం ఉలిక్కిపడతాడు. బాంబున్నదని ముందే చెప్పి కథానాయకుని ఆ గదిలో కూర్చోబెడితే అతడు పది నిమిషాలు ఊపిరి బిగబడతాడు.

ఈ ఫలితం యాదృచ్ఛికంగా లభించినది కాదు. రెడ్డిగారు చిత్రీకరణకు ముందే కథను, సంభాషణలను, సన్నివేశాల క్రమాన్ని పూర్తిగా స్థిరపరచుకొనేవారు. నటులతో ముందుగానే అభ్యాసం చేయించి, ఒక్కొక్క సన్నివేశం ఎంతసేపు నడిచేదీ స్టాప్‌వాచీతో కొలిచేవారు. చిత్రం మొత్తం నిడివి ఎంత కాగలదో షూటింగు మొదలు కాకమునుపే ఆయనకు తెలిసియుండేది. ఛాయాగ్రాహకులు మార్కస్ బార్‌ట్లేగారి ఇంద్రజాలం, గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వం, పింగళివారి మాటల చమత్కారం, అన్నియు ఆ కొలతలో ఒదిగినవే. ఆనాడు ఆయనకు సహాయకులుగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారు తరువాత 1991లో ‘ఆదిత్య 369’ వంటి సాహసచిత్రం తీయడం ఆ శిక్షణకు తార్కాణం.

కాలం మారినది

1961లో ‘జగదేకవీరుని కథ’ ఘనవిజయం సాధించినది. ఆ తరువాత గాలి మారినది. 1966లో డూండీ, సుందర్‌లాల్ నహతాల నిర్మాణంలో, ఎం.మల్లికార్జునరావుగారి దర్శకత్వంలో ‘గూఢచారి 116’ విడుదలైనది. కృష్ణ, జయలలిత నాయికానాయకులు. తుపాకి పట్టిన ఆధునిక వీరుడు తెలుగు యువకులను ఊపివేసినాడు. మరుసటి ఏడు అదే కథ జితేంద్ర నాయకుడుగా హిందీలో ‘ఫర్జ్’ అయినది. తెలుగు, ఉర్దూ రెండును తెలిసిన మన సీమ పట్టణాల ప్రేక్షకులకు ఒకే గూఢచారి రెండు భాషలలో కనబడినాడు.

అదే కాలంలో రెడ్డిగారికి పరాజయాలు వరుసగా ఎదురైనవి. 1965 నాటి ‘సత్య హరిశ్చంద్ర’ ఆశించిన ఆదరణ పొందలేదు. 1968లో వచ్చిన ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’, ‘భాగ్యచక్రం’ రెండును విఫలమైనవి. సాహసచిత్రానికి దారి వేసినవారే ఆ దారిలో జనం పరుగెత్తేవేళ పక్కన నిలువవలసి వచ్చినది. కొలత తప్పని చేతికి కూడా కాలం చేయిచ్చునన్న సత్యం ఇక్కడ మన మనస్సును కలచివేస్తుంది. చివరకు ఎన్.టి.రామారావుగారు తమ ‘శ్రీకృష్ణ సత్య’ దర్శకత్వాన్ని ఆయనకు అప్పగించినారు. 1971లో వచ్చిన ఆ చిత్రంలో సత్యభామ పాత్రధారిణి జయలలితగారే. ‘గూఢచారి 116’ నాయికతో రెడ్డిగారు తమ తుది చిత్రాన్ని ముగించడం ఒక విచిత్రం. 1972 సెప్టెంబరు 15న ఆయన మద్రాసులో పరమపదించినారు.

ఆయన నేర్పిన పాఠం

రెడ్డిగారి పరాజయాలను చూచి ఆయన విద్య పాతబడినదని కొందరు తలచవచ్చు. మేము అంగీకరింపజాలము. వేషం పాతబడుతుంది, వీరుని చేతి కత్తి తుపాకిగా, తుపాకి కంప్యూటరుగా మారుతుంది. ప్రేక్షకుని మనస్సు పనిచేసే తీరు మారదు. 2013లో ఒక జాతీయ వార్తా ఛానల్ జరిపిన అభిప్రాయసేకరణలో వందేళ్ల భారతీయ చిత్రాలలో ‘మాయాబజారు’ ప్రథమస్థానం పొందినది. అదే ఏళ్లలో విడుదలై, పెద్ద పెద్ద పేలుళ్లు చూపించి, వారం తిరగకుండా మరుగున పడిన సాహసచిత్రాలు ఎన్నియో.

కనుక విద్యార్థి మిత్రులకు మా విన్నపం ఒక్కటే. గూఢచారి చిత్రాన్ని చూడండి, సిగ్గుపడకుండా ఆనందించండి. చూచిన తరువాత మాత్రం కొన్ని ప్రశ్నలు వేసుకొనండి. నాకు ముందుగా ఏ రహస్యాన్ని చెప్పినారు? ప్రతినాయకుడు నాయకునికి సమఉజ్జీయేనా? చూపిన పరికరం కథను ముందుకు నడిపినదా, లేక అలంకారంగా మిగిలినదా? నా కాలంలో ఒక్క నిమిషాన్నైనా వృథా చేసినారా? ఈ ప్రశ్నలకు నిలిచిన చిత్రం మంచి చిత్రం.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక మనవి. వినోదాన్ని తేలికగా ఎంచవద్దు. పైరు ఎండిన ఏడు కూడా మన పల్లెలవారు బండ్లు కట్టుకొని టూరింగు టాకీసుకు వెళ్లి, నేల టిక్కెట్టు కొని తోటరాముని చూచి వచ్చినారు. ఆ అణాలు కష్టార్జితమని లెక్కల పుస్తకంనుండి వచ్చిన ఆ దర్శకునికి తెలుసు. అందుకే ఆయన ఇచ్చిన ప్రతి నిమిషమూ కొలిచి ఇచ్చినారు. పుచ్చుకొన్న సొమ్ముకు పూర్తి విలువ తిరిగి ఇవ్వడం ఏ వృత్తిలోనైనా ధర్మమే. సినిమాలో ఆ ధర్మాన్ని పాటించిన మన సీమ మనిషిని మన విద్యార్థులు తెలిసికొనియుండడం ఎంతైనా అవసరం.