ఉప్పునీరు – మంచినీరు: శాంతి స్వరూప్ భట్నాగర్

పళ్లెంలో ఉప్పునీరు పోసి ఎండలో పెడితే నీరు ఆవిరై ఉప్పు మిగులుతుందని మీకు తెలుసు. ఆ ఆవిరిని పట్టి చల్లబరిస్తే మంచినీరు వస్తుంది. దీనికి పెద్ద మంట అక్కరలేదు. ఇటువంటి పరిశోధనలకు మన దేశంలో ప్రయోగశాలలు నెలకొల్పిన ఒక శాస్త్రవేత్త గురించి తెలుసుకొందాం.

శాంతి స్వరూప్ భట్నాగర్ 1894 ఫిబ్రవరి 21న భేరాలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఎనిమిది నెలల వయసులోనే తండ్రిని కోల్పోయి, ఇంజనీరైన తాతగారి (తల్లి తండ్రి) ఇంట పెరిగారు. 1921లో లండన్‌లో డి.ఎస్.సి. పట్టం పొందారు. మొదట బనారస్‌లో, 1924 నుంచి లాహోర్‌లో ఆచార్యులుగా పనిచేశారు. సూక్ష్మ కణాల ఉపరితలాల రసాయనం ఆయన అభిమాన విషయం.

ఆ రోజుల్లో ఒక చమురు కంపెనీకి చిక్కు వచ్చింది. బావి తవ్వడానికి వాడే బురద, భూమిలోని ఉప్పునీరు తగలగానే గట్టిపడేది. పని ఆగిపోయేది. బురదలో జిగురు కలిపితే గట్టిపడదని భట్నాగర్ కనుగొన్నారు. కంపెనీ వారు పరిశోధనకు 1,50,000 రూపాయలు ఇవ్వజూపారు. ఆ డబ్బును ఆయన తన సొంతానికి తీసుకోలేదు. విశ్వవిద్యాలయానికే ఇప్పించి, పెట్రోలియం పరిశోధన విభాగం ఏర్పడేలా చేశారు.

1942లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి ఏర్పడినప్పుడు దానికి తొలి సారథి ఆయనే. స్వాతంత్ర్యం వచ్చాక దేశమంతటా ప్రయోగశాలలు వెలిశాయి. 1954 ఏప్రిల్ 10న గుజరాత్‌లోని భావనగర్‌లో ఉప్పు పరిశోధన సంస్థను నెహ్రూ ప్రారంభించారు. 1955 జనవరి 1న భట్నాగర్ కన్నుమూశారు. ఆ సంస్థ 1978లో సమీపంలోని అవానియా గ్రామంలో సూర్యరశ్మితో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే కేంద్రాన్ని నెలకొల్పింది.

నేడు మరొక పద్ధతి కూడా ఉంది. మందు సీసాల్లో చిన్న పొట్లంగా కనిపించే సిలికా జెల్‌ను మీరు చూసే ఉంటారు. గాలి తీసివేసిన పాత్రలో ఉప్పునీరు తక్కువ వేడికే ఆవిరవుతుంది. ఆ ఆవిరిని సిలికా జెల్ తన ఉపరితలంపై నిలుపుకొంటుంది. దీనినే అధిశోషణం అంటారు. ఆవిరయ్యే నీరు చుట్టుపక్కల వేడిని లాగుకొంటుంది కాబట్టి చల్లదనం కలుగుతుంది. తరువాత జెల్‌ను సుమారు 80 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే ఆవిరి విడివడుతుంది. దానిని చల్లబరిస్తే మంచినీరు! కర్మాగారాల్లో వృథాగా పోయే వేడి ఇందుకు సరిపోతుంది.

ఒక్క వేడితో నీరు, చల్లదనం రెండూ లభిస్తున్నాయి, చూశారా? విజ్ఞానం ప్రజల అవసరాలకు ఉపయోగపడాలనే ఉద్దేశంతో భట్నాగర్ ప్రయోగశాలలు నెలకొల్పారు. మీ ఊరిలో వృథా అవుతున్న వేడి ఏదైనా ఉందేమో ఆలోచించి రాయండి.